నొప్పి చూపే ఎర్రజెండా

ఆదిలాబాద్ వైపు పత్తి ఏరే రోజుల్లో ఏ ఇంటికి వెళ్లినా ఒకటే మాట వినిపిస్తుంది: "నడుం విరిగిపోతోంది." పొద్దంతా వంగి పత్తి ఏరి, ఒడి నింపుకుని, సాయంత్రం మూట నెత్తికెత్తుకుంటే నడుం నొప్పి రాకుండా ఎలా ఉంటుంది?

ఇప్పుడు మీకో చిక్కు ప్రశ్న. ఊళ్లో వందమందికి నడుం నొప్పి ఉందనుకుందాం. దాదాపు అందరిదీ పని వల్ల వచ్చిన నొప్పే. కానీ ఆ వందమందిలో ఎవరో ఒకరి నొప్పికి మూలం పని కాదు, లోపల ఉన్న పెద్ద జబ్బు. అందరూ "నడుం నొప్పి" అనే అంటున్నారు. ఆ ఒక్కరినీ పట్టుకోవడం ఎలా?

ఈ చిక్కు తరచుగా ఫిజియోథెరపిస్టుకి ఎదురవుతుంది. ఫిజియోథెరపీ అంటే వ్యాయామంతో, కాపడంతో కండరాలనీ కీళ్లనీ మళ్లీ పనిలోకి తెచ్చే వైద్యం. అక్కడికి వచ్చేవాళ్లు తమ జబ్బుకి తామే పేరు పెట్టుకుని వస్తారు. మంచి ఫిజియోథెరపిస్టు ఆ పేరుని వెంటనే నమ్మడు. ముందు ప్రశ్నలు వేస్తాడు. కొన్ని జవాబులు వినగానే వ్యాయామం మాట పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పంపిస్తాడు. అలాంటి జవాబులని ఆ వృత్తిలో "ఎర్రజెండాలు" అంటారు. మంచిర్యాల మీదుగా పోయే రైలుకి ఎర్రజెండా చూపితే పట్టాలు విరిగాయనే కాదు, ఆగి చూసుకోమని అర్థం. ఇక్కడా అంతే.

మొదటి ప్రశ్న చాలా మామూలుగా ఉంటుంది.

"అవ్వా, పండుకుంటే నొప్పి తగ్గుతుందా?"

"పొద్దంతా గుంజుతది బిడ్డా. నడుం వాలిస్తె జర నయమైతది."

ఈ జవాబు వింటే మనసు కుదుటపడుతుంది. ఎందుకో చూడండి. కండరం బెణికినా, వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు నలిగినా, నొప్పి వాటి మీద పడే బరువుని బట్టి ఉంటుంది. వంగితే బరువు ఎక్కువ, పడుకుంటే తక్కువ. కాబట్టి నొప్పి కూడా మనిషి కదలికతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

మరి పడుకున్నా తగ్గని నొప్పి అయితే? పద్నాలుగేళ్ల కుర్రాడు వచ్చాడనుకోండి. కూర్చున్నా అంతే, పడుకున్నా అంతే. అర్ధరాత్రి నొప్పికి మెలకువ వస్తోంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది. పోయిన ఏడాది చొక్కా ఈ ఏడాది బిగుతు కావలసింది పోయి వదులైంది. ఈ నాలుగు మాటలూ కలిస్తే ఎర్రజెండా లేచినట్టే. మన దేశంలో ముందుగా అనుమానించవలసిన వాటిలో ఒకటి వెన్నెముక క్షయ.

క్షయ అంటే దగ్గు అనే అనుకుంటాం. కానీ క్షయ క్రిమి రక్తంలో కలిసి వెన్నుపూసల్లోకి కూడా చేరగలదు. చేరి, పక్కపక్కనే ఉన్న రెండు పూసల ముందు భాగాన్ని మెల్లగా తినేస్తుంది. ముందు భాగం కుంగితే వెన్ను ముందుకి వంగి వీపు మీద గూని లేస్తుంది. అప్పుడు వెనకనున్న వెన్నుపాము నలిగి కాళ్లు తడబడతాయి, చచ్చుపడవచ్చు కూడా. 1779లో పెర్సివల్ పాట్ అనే ఇంగ్లీషు శస్త్రవైద్యుడు ఈ గూనినీ కాళ్ల బలహీనతనీ కలిపి వర్ణించాడు. ఇది జబ్బు పుట్టించే క్రిమిని రాబర్ట్ కాక్ కనిపెట్టడానికి నూరేళ్ల ముందు మాట! ప్రాచీన ఈజిప్టు మమ్మీల వెన్నెముకల్లో కూడా దీని గుర్తులు దొరికాయి.

ఇలా గుల్లబారిన వెన్నుని ఎవరైనా "పట్టేసింది, సరిచేస్తాను" అంటూ మెలితిప్పితే ఏమవుతుందో ఊహించండి. అందుకే ప్రశ్న ముందు, చెయ్యి తరవాత. వేళకి గుర్తిస్తే మాత్రం ఇది మందులతో నయమయ్యే జబ్బు. దక్షిణ కొరియాలోని మసాన్ నగరంలో ఆరు నెలలు మంచం మీద ఉంచిన రోగులనీ, మందులు వాడుతూ మామూలుగా తిరిగిన రోగులనీ పోల్చి చూశారు. ఇద్దరూ ఒకేలా కోలుకున్నారు. ఆ ఫలితాలు 1973లో వెలువడ్డాయి. కోలుకుంటున్నప్పుడు మళ్లీ ఫిజియోథెరపిస్టు అవసరం పడుతుంది. ఆ వ్యాయామం వేరు, దాని వేళ వేరు.

నొప్పికి ఇంకో దుర్గుణం ఉంది, అబద్ధం చెప్పడం. పుట్టింది ఒకచోట, తెలిసేది మరోచోట. లోపలి అవయవాల నరాలూ చర్మం, కండరాల నరాలూ వెన్నుపాములో ఒకే మెట్టు దగ్గర కలుస్తాయి. కబురు ఎవరిదో తేల్చుకోలేక మెదడు పొరబడుతుంది. గుండెకి రక్తం చాలకపోతే ఎడమ భుజం లాగవచ్చు. పిత్తాశయంలో వాపు కుడి భుజంలో పోటుగా తెలియవచ్చు. భుజం నొప్పి చెయ్యి ఎత్తినప్పుడు కాక మెట్లెక్కినప్పుడు వచ్చి, ఆగితే తగ్గిపోతోందా? అయితే చూడవలసింది భుజాన్ని కాదు, గుండెని.

మోకాలు కూడా ఇలాగే మోసం చేస్తుంది. కొందరు పిల్లలు మోకాలు నొప్పి అని కుంటుతూ వస్తారు. మోకాలిలో ఏమీ ఉండదు. తప్పు పైన తుంటిలో ఉంటుంది. ఈ మాట ఆదిలాబాద్ ప్రాంతంలో మరీ గుర్తుంచుకోవాలి. ఇక్కడి గోండు, కొలాం మొదలైన గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉంది. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక్క జన్యువే ఉన్నవాళ్లకి సాధారణంగా జబ్బు ఉండదు సరికదా, తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ కూడా దొరుకుతుంది. మలేరియా అడవుల్లో ఆ జన్యువు నిలిచింది అందుకే.

మామూలు ఎర్ర కణం మెత్తగా, గుండ్రంగా ఉండి సన్నని నాళాల్లోంచి జారిపోతుంది. ఈ జబ్బులో ఆక్సిజన్ తగ్గగానే కణం గట్టిపడి కొడవలిలా వంగి నాళానికి అడ్డం పడుతుంది. అడ్డం పడిన చోట భరించలేని నొప్పి. తొడ ఎముక పైన బంతిలాంటి తల ఉంటుంది కదా, దానికి రక్తం తెచ్చే నాళాలు బహు సన్నం. అవి మూసుకుపోతే ఎముక తల చచ్చిపోయి కుంగుతుంది. అలాంటి కాలితో గుంజీలు తీయించడం నష్టమే. బెణికిన కాలికి మనం ఐసు పెడతాం, మంచిదే. ఈ పిల్లలకి ఐసు పెడితే నాళాలు ముడుచుకుని కణాలు మరింత చిక్కుకుంటాయి. ఆదిలాబాద్ చలి సంగతి మీకు చెప్పనక్కర్లేదు. చలికాలం వీళ్లకి కష్టకాలం. తేలిగ్గా చేసే రక్తపరీక్షతో ఈ జబ్బు బయటపడుతుంది. 2023 జులై 1న దీని నిర్మూలనకి దేశవ్యాప్త కార్యక్రమం కూడా మొదలైంది. జబ్బు ఉందని తెలిసిన పిల్లకి జ్వరమో, ఛాతీ నొప్పో, ఆయాసమో వస్తే ఫిజియోథెరపీ కాదు, వెంటనే ఆసుపత్రి.

పిక్క సంగతీ ఒకమాట. కాలు విరిగో, ఆపరేషన్ అయ్యో చాలా రోజులు మంచాన పడ్డవాళ్లకి ఒక పిక్క మాత్రమే వాచి, వెచ్చగా ఉండి నొప్పెడితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. నూనె రాసి గట్టిగా మర్దన చేస్తే ఆ గడ్డ విడివడి ఊపిరితిత్తులకి చేరి ప్రాణం తీయగలదు. ప్రేమకొద్దీ ఇంట్లోవాళ్లే చేసే పొరపాటు ఇది.

ఇక చివరి ప్రశ్న అడగడానికీ, చెప్పడానికీ కూడా సిగ్గే. వెన్నుపాము నడుం పైభాగంలోనే ఆగిపోతుంది. అక్కణ్ణించి నరాలు గుర్రపు తోకలా పాయలు పాయలుగా కిందికి దిగుతాయి. వైద్యులు దాని లాటిన్ పేరుకి ఇచ్చిన అర్థం కూడా "గుర్రపు తోక" అనే. పెద్ద డిస్కు జారి ఈ పాయలన్నిటినీ నొక్కితే, సైకిలు సీటు మీద ఆనే భాగమంతా మొద్దుబారుతుంది. మూత్రం వచ్చినట్టే ఉండి రాదు, లేదా తెలియకుండా పోతుంది. నడుం నొప్పి గురించి గంటసేపు చెప్పిన అవ్వ ఈ ఒక్కటీ దాచేస్తుంది, మనవడి వయసు వాడికి ఎలా చెప్పనని. అందుకే ఫిజియోథెరపిస్టు తనే అడుగుతాడు. అవునంటే ఆ రోజుకి వ్యాయామం లేదు, రేపు చూద్దామనడం అంతకన్నా లేదు. నరాలు ఎక్కువసేపు నలిగితే మళ్లీ కోలుకోకపోవచ్చు. 108కి ఫోన్ చేసి అప్పటికప్పుడే ఆపరేషన్ చేయగల పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి, అర్ధరాత్రి అయినా సరే.