గోడపంకాకు మూడవ తీగ

పంచాయతీ భవనములందును, బడి వంటశాలలందును పొగను, ఉక్కను వెలుపలికి పంపుటకు గోడపంకాలు అమర్చుచుండుట సంతోషకరము. అయితే మేము పర్యటించిన గ్రామములలో కొన్నిచోట్ల పంకా తీగను రెండు పిన్నుల ప్లగ్గునకు కలిపి, మూడవ పోగును కత్తిరించి వదలుట చూచితిమి. ఆ కత్తిరింపబడినదే ప్రాణరక్షకమగు ఎర్తు తీగ.

దాని ప్రయోజనమేమి? పంకా తిరుగునప్పుడెల్ల అదరును. ఆ ఒరపిడికి తీగపై తొడుగు చిరిగి, 230 వోల్టుల ఫేజు లోహపు చట్రమును తాకవచ్చును. ఎర్తు ఉన్నచో విద్యుత్తు ఆ త్రోవన భూమిలోనికి పోవును. లేనిచో, చట్రమును ముట్టిన వంటమనిషి దేహమే ఆ త్రోవ యగును.

కావున మూడు పోగుల తీగనే వాడవలెను. గోధుమ లేక ఎరుపు రంగుది ఫేజు. నీలము లేక నలుపుది న్యూట్రలు. ఆకుపచ్చది, లేక ఆకుపచ్చ పసుపు చారలది ఎర్తు. ఎర్తు తీగను ఒక కొన చట్రమునకు మరతో బిగించి, రెండవ కొన ప్లగ్గులోని పెద్ద పిన్నునకు కలుపవలెను. స్విచ్చి ఫేజు తీగపైననే ఉండవలెను. గోడ రంధ్రమున తీగ ఒరయకుండ రబ్బరు తొడుగు వేయవలెను.

ఎర్తు గొయ్యి ఎండినచో ఆ త్రోవ సరిగా పనిచేయదు. వేసవిలో అందు నీరు పోయించవలెను. ఫ్యూజు కరుగుటకు చాలని స్వల్ప విద్యుత్తు సైతము ప్రాణము తీయగలదు గనుక, 30 మిల్లీఆంపియర్ల లీకేజికే సరఫరాను నిలుపు బ్రేకరును కూడ పెట్టించుడు.

ఈ పనిని మెయిను ఆపిన పిదప, లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేతనే చేయింపవలెను. రాబోవు సమావేశమునకు ముందే సభ్యులు తమ భవనములోని ప్లగ్గులను ఒక్కసారి పరిశీలింప ప్రార్థన. లోహపు పంకాకు రెండు పిన్నులే కనబడినచో, దానిని ఆనాడే ఆపించుడు.