గోత్రం వేరైనా బీజం ఒకటే కావచ్చు

చిక్కడపల్లిలోనో, అశోక్‌నగర్‌లోనో ఒక ఇంట పెళ్ళిమాటలు మొదలైతే పెద్దలు ముందుగా విచారించేది గోత్రం. మేనమామ కుమార్తె అయితే ఆ విచారణ కూడా ఉండదు. “మన పిల్లే కదా” అన్న ఒక్క మాటతో తాంబూలాలు మారిపోతాయి.

చరక సంహిత శారీరస్థానంలో రెండవ అధ్యాయం పేరు అతుల్యగోత్రీయం. దంపతులు భిన్నగోత్రీకులై ఉండాలన్న నియమం అంత ప్రాచీనమైనది. తరువాతి అధ్యాయంలోని మాట మరింత సూక్ష్మం: బీజంలో ఏ అవయవానికి చెందిన భాగం దుష్టమైతే శిశువులో ఆ అవయవమే వికృతి పొందుతుంది, ఆ భాగం చెడకపోతే పొందదు. అంధుల పిల్లలందరూ అంధులు కాకపోవడానికి చరకుడు చూపిన కారణం ఇదే. నేటి జన్యువుకు ఇంత దగ్గరగా వచ్చిన ప్రాచీన భావన అరుదు.

అయితే గోత్రం తండ్రి వైపునే లెక్కిస్తుంది. మేనమామ కుమార్తెది వరుని తల్లి పుట్టింటి గోత్రం కనుక నియమానికి భంగం లేదు. బీజం లెక్క వేరు. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య సగటున జన్యువులలో ఎనిమిదవ వంతు ఉమ్మడి. అక్క కూతురిని చేసుకుంటే నాలుగవ వంతు!

ప్రతి జన్యువుకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా రెండు ప్రతులుంటాయి. ఒకటి చెడినా చాలా సందర్భాలలో రెండవది పని నడుపుతుంది. తలసేమియా వాహకులు అందుకే ఆరోగ్యంగా తిరుగుతుంటారు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ వ్యాధి సోకే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది కనుక తరువాతి ముగ్గురికి రాదనుకోవడం పొరపాటు. తీవ్రరూపం గల వ్యాధిలో బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. రక్తం కోసం నారాయణగూడ ఐ.పి.ఎం. మెట్లెక్కిన వారికి ఆ శ్రమ ఏమిటో చెప్పనక్కరలేదు. ఇటువంటి కుటుంబాల కోసమే 1998లో నగరంలో తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ ఏర్పడింది.

ఇంటివైద్యం చేసే తల్లులకు ఒక హెచ్చరిక. పాలిపోయిన బిడ్డకు రక్తం పడుతుందని లోహభస్మాలు, ఇనుము టానిక్కులు పట్టించడం ఈ వ్యాధిలో హానికరం. ఎక్కించిన రక్తం వలన ఇనుము ముందే శరీరంలో పేరుకొని గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

మేనరికం లేనంత మాత్రాన విచారణ ముగియదు. సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు హార్వర్డ్ వారితో కలిసి 260కి పైగా సమూహాలను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు. కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, తమలో తామే వివాహాలాడిన కులాలు మనదేశంలో అనేకమని తేలింది. మన ఆర్యవైశ్యులు అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. శస్త్రచికిత్స వేళ కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్ కోలిన్ వారిలో కొందరికి త్వరగా విరగదు; ఊపిరి అందుకోవడం ఆలస్యమవుతుంది. మీ ఇంట ఎవరికైనా అలా జరిగి ఉంటే మత్తు వైద్యునికి ముందే చెప్పండి. ఆయన వేరే మందు వాడతారు.

ఇప్పటికే మేనరికం చేసుకున్నవారు బెంగపడనక్కరలేదు. అటువంటి దంపతుల పిల్లలలో అధికులు ఆరోగ్యవంతులే. సంబంధం ఇంకా మాటలలోనే ఉంటే, జాతకాలతో పాటు ఇద్దరికీ హెచ్‌బీ ఏ2 రక్తపరీక్ష చేయించండి. పెళ్ళి అయిపోయి ఇద్దరూ వాహకులని తెలిస్తే, గర్భం నిలిచిన 11వ వారం నాటికే శిశువును పరీక్షించే వీలున్నది.