క్లోజర్ గుండె లయ తప్పిన రాత్రి

మీ టీమ్‌లో ఒకరు ఆసుపత్రిలో చేరారని ఆఫీసు వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చిందనుకోండి. ఏం చేస్తారు? ‘త్వరగా కోలుకోవాలి’ అని రాసి, పక్కన దండం ఎమోజీ పెడతారు. ఆ వెంటనే మనసులో మెదిలే రెండో ప్రశ్న ఏంటి? నిజం చెప్పండి. ‘మరి శుక్రవారం రిలీజ్ ఎవరు చూస్తారు?’ అనే కదా!

సిగ్గుపడక్కర్లేదు. 2018 ఆగస్టులో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ అభిమానులు అచ్చంగా ఇదే అనుకున్నారు. వాళ్ల బేస్‌బాల్ జట్టు కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో ఆడుతోంది. ఆగస్టు 9న క్లోజర్ కెన్లీ జాన్సెన్ గుండె లయ తప్పింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు. ‘అతనికి ఎలా ఉంది?’ అన్న ప్రశ్నకు తోకలా ఇంకోటి వచ్చింది: ‘తొమ్మిదో ఇన్నింగ్స్ ఇక ఎవరు వేస్తారు?’

రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. కానీ వాటిని కలిపేస్తేనే చిక్కు. ఆట గురించి పెద్దగా తెలియకపోయినా జాన్సెన్ కథ మీకు పనికొస్తుంది. ఎందుకంటే ఇది ఆరోగ్య సమస్యతో కెరియర్‌ను ఎలా నడపాలో చెప్పే కథ.

క్లోజర్ అంటే..

మన భాషలో చెప్పాలంటే డెత్ ఓవర్ల బౌలర్ లాంటివాడు. బేస్‌బాల్‌లో ఆట మొదలుపెట్టే పిచర్ అలసిపోతే వరుసగా వేరే పిచర్లు వస్తారు. వీళ్లు రిలీఫ్ పిచర్లు. పిలుపు వచ్చేదాకా మైదానం అంచున బుల్‌పెన్ అనే చోట కూర్చుని, చేయి వేడెక్కించుకుంటూ ఉంటారు. వీళ్లలో ఆఖరి ఇన్నింగ్స్‌లో స్వల్ప ఆధిక్యాన్ని కాపాడే బాధ్యత క్లోజర్‌ది. కాపాడితే అతని ఖాతాలో ఒక ‘సేవ్’. కాపాడలేకపోతే అప్పటిదాకా మిగతావాళ్లు పడ్డ కష్టమంతా నీళ్లపాలు. అంటే ప్రొడక్షన్ సర్వర్ పడిపోయిన అర్ధరాత్రి ఫోన్ వచ్చేది ఎవరికో, అతనే ఇతను.

జాన్సెన్ కరేబియన్ ద్వీపం కురసావ్‌లో పుట్టాడు. మొదట్లో పిచరే కాదు, క్యాచర్. అంటే మన వికెట్‌కీపర్ లాంటి పాత్ర. బ్యాట్‌తో రాణించలేకపోవడంతో 2009లో డాడ్జర్స్ అతన్ని పిచర్‌గా మార్చింది. మరుసటి ఏడాది జులైలోనే మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. ‘కట్టర్’ అనే ఒక్క బంతినే ప్రధాన ఆయుధంగా చేసుకుని స్టార్ అయ్యాడు.

గుండెలో ఏం జరిగింది?

మామూలుగా గుండె పైగదుల్లోని ఒక చిన్న కేంద్రం నుంచి విద్యుత్ సంకేతం పుడుతుంది. దాని తాళానికే గుండె మొత్తం కొట్టుకుంటుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో ఈ సంకేతాలు అడ్డదిడ్డంగా పుడతాయి. పైగదులు సరిగ్గా ముడుచుకోవాల్సింది పోయి వణుకుతుంటాయి. దాంతో దడ, ఆయాసం, నీరసం. రక్తం నిలిచి గడ్డకడితే పక్షవాతం ముప్పు కూడా. అందుకే కొందరికి రక్తం పలచబడే మందులిస్తారు. ఆ మందులు వాడుతున్నప్పుడు వేగంగా వచ్చిన బంతి తగిలితే లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. క్రీడాకారుడికి ఇదో కొత్త తలనొప్పి.

జాన్సెన్‌కు ఇది మొదటిసారి కాదు. 2011లో ఒకసారి, 2012లో మరోసారి గుండె లయ తప్పింది. 2012 అక్టోబరులో అబ్లేషన్ చేశారు. అంటే రక్తనాళం గుండా సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపి, తప్పుడు సంకేతాలు పుట్టించే కణజాలాన్ని నిర్వీర్యం చేయడం. తర్వాత కొన్నేళ్లు అంతా సవ్యంగా సాగింది. అప్పుడొచ్చింది 2018. డెన్వర్ సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి కూర్స్ ఫీల్డ్ స్టేడియంలో సరిగ్గా మైలు ఎత్తును చూపించడానికి పై అంతస్తులో ఒక వరుస కుర్చీలకు ఊదారంగు వేశారు. గాలి పలచగా ఉండే చోట శరీరం మీద భారం ఎక్కువే.

తొందరగా వచ్చాడు.. కానీ!

ఇక్కడ టీమ్ వార్తలు మొదలయ్యాయి. జాన్సెన్ నెలకు పైగా దూరమవ్వొచ్చన్న అంచనాలు వచ్చాయి. అతను లేని డాడ్జర్స్ ఆఖరి ఇన్నింగ్స్‌లలో తడబడింది. మ్యాచ్ మొదలుపెట్టే పిచర్ కెంటా మయేదాను బుల్‌పెన్‌కు పంపాల్సి వచ్చింది. ఈలోగా వైద్యులు అనుమతించడంతో జాన్సెన్ అనుకున్నదానికంటే ముందే, ఆగస్టు 20న తిరిగొచ్చాడు. అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు.

ఆ రాత్రే సెయింట్ లూయిస్‌తో మ్యాచ్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు హోమ్ రన్‌లు ఇచ్చాడు. మ్యాచ్ పోయింది. అక్టోబరులో బోస్టన్‌తో వరల్డ్ సిరీస్‌లోనూ రెండు రాత్రులు వరుసగా, కీలక సమయంలో హోమ్ రన్‌లు సమర్పించుకున్నాడు. డాడ్జర్స్ ఆ సిరీస్ ఓడిపోయింది. నవంబరులో అతనికి రెండోసారి గుండె చికిత్స జరిగింది.

ఆటలో తడబాటుకు గుండే కారణమని తేల్చి చెప్పలేం. ఆరోగ్యంగా ఉన్న పిచర్లూ హోమ్ రన్‌లు ఇస్తారు. కానీ ఒకటి మాత్రం గమనించండి. ‘ఆడొచ్చు’ అని వైద్యులు చెప్పడం వేరు, పాత మనిషిగా తిరిగి రావడం వేరు. డెంగీతో పది రోజులు మంచం పట్టి ఆఫీసుకు వచ్చిన సహోద్యోగిని మొదటిరోజే ‘ఫుల్ ఫిట్ కదా?’ అని అడుగుతాం. అతనూ ‘హా.. ఫుల్ ఫిట్’ అంటాడు. ఇద్దరికీ తెలుసు, అది అబద్ధమని.

అప్పటి డాడ్జర్స్ మేనేజర్ డేవ్ రాబర్ట్స్‌కు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. 2010లో ఆయనకే హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ వచ్చింది. చికిత్స చేయించుకుని మళ్లీ బేస్‌బాల్‌లోకే వచ్చారు. అదే సెప్టెంబరులో జట్టు మళ్లీ డెన్వర్ వెళ్లాల్సి వస్తే జాన్సెన్ వెళ్లలేదు. లీగ్‌లో పోటీ నువ్వా నేనా అన్నట్టున్న సమయమది. అయినా క్లోజర్ లేకుండానే వెళ్లారు. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన నిర్ణయం ఇదే.

చెబితే ఉద్యోగం పోతుందా?

మన భయమంతా ఇక్కడే. నా సంగతే చెప్తాను. మొదటి ఉద్యోగంలో ఒక రిలీజ్ సమయంలో మూడు రాత్రులు గుండె దడదడలాడింది. మేనేజర్‌కు ‘వైరల్ ఫీవర్’ అని చెప్పాను. అప్రైజల్ దగ్గర పడుతోంది మరి! సెలవు పెట్టిన రెండోరోజే ఫోన్: ‘ఫీవరే కదా, ఒక గంట ల్యాప్‌టాప్ తెరవొచ్చుగా?’ కోపం వచ్చింది. కానీ అబద్ధం ఆడింది నేనే. ఆయనకు తెలిసిన జబ్బుకు తగ్గట్టే అడిగారు. ఈసీజీ తీసిన డాక్టర్ నిద్ర, కాఫీల లెక్క అడిగి గట్టిగా చీవాట్లు పెట్టారు. నా అదృష్టం, అంతకు మించి ఏమీ లేదు.

జాన్సెన్ విషయంలో దాపరికానికి తావే లేదు. 2011 నుంచే అతని గుండె సంగతి జట్టుకే కాదు, ఊరందరికీ తెలుసు. అయినా 2017 జనవరిలో డాడ్జర్స్ అతనితో అయిదేళ్లకు 8 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2022లో అట్లాంటా బ్రేవ్స్‌లో ఉండగా జూన్ చివర్లో మళ్లీ గుండె లయ తప్పింది. ఇంజర్డ్ లిస్ట్‌లో పెట్టారు. అంటే ఆ ఆటగాడి జీతం ఆగదు, అతని బదులు ఇంకొకరిని తీసుకోవచ్చు. రెండు వారాల్లో తిరిగొచ్చాడు. ఆ సీజన్ ముగిసేసరికి 41 సేవ్‌లతో నేషనల్ లీగ్‌లో అతనే నంబర్ వన్! 2023 మే 10న, బోస్టన్ తరఫున ఆడుతూ, అదే అట్లాంటా మీద 400వ సేవ్ అందుకున్నాడు. అప్పటికి ఆ మైలురాయి చేరిన ఏడో పిచర్ అతను.

‘అతను స్టార్ బాస్, నేను ఫ్రెషర్ని’ అంటారా? ఒప్పుకుంటాను. అతని వెనక బలమైన ప్లేయర్స్ యూనియన్ ఉంది, మీ వెనక లేదు. అందుకే అందరికీ అన్నీ చెప్పమని అనట్లేదు. ఎవరికి, ఎంత చెప్పాలో తెలుసుకోమంటున్నాను.

ఇలా చేసి చూడండి

* మేనేజర్‌కు జబ్బు పేరు కంటే పని మీద దాని ప్రభావం చెప్పండి. ‘ఆరు వారాలు నైట్ షిఫ్ట్ చేయలేను, పగటి పని పూర్తిగా చేస్తాను’ అంటే ప్లాన్ చేసుకోవడం ఆయనకూ తేలిక. డాక్టర్ ఉత్తరం జతచేసి మెయిల్‌లో పెట్టండి.

* పక్క సీటులో ఒక్కరికైనా అసలు విషయం చెప్పండి. పడిపోతే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో వారికి తెలియాలి.

* ఇన్సూరెన్స్ ఫారంలో మాత్రం ఏదీ దాచొద్దు. దాచింది క్లెయిమ్ రోజున బయటపడుతుంది.

* మీ పని ఇంకొకరు అందుకునేలా నోట్స్ రాసి ఉంచండి. ‘నేను లేకపోతే ఆగిపోతుంది’ అనేది గొప్ప కాదు, మీ మెడకు మీరే తగిలించుకున్న గుదిబండ.

* స్మార్ట్‌వాచ్‌ను డాక్టర్ అనుకోవద్దు. జాన్సెన్ ఆసుపత్రి పాలైన మరుసటి నెలలోనే యాపిల్ ఈసీజీ తీసే వాచ్‌ను ప్రకటించింది. ఇలాంటివి లయ తప్పిందేమోనని హెచ్చరించగలవు. గుండెపోటును పట్టలేవు. వాచ్ ఏమీ అనలేదు కదా అని ఛాతీ నొప్పిని మాత్రం నిర్లక్ష్యం చేయకండి.

అందరి కథా ఒకేలా ముగియదు

అదే 2018లో, ఏప్రిల్ 20న షికాగో వైట్ సాక్స్ రిలీఫ్ పిచర్ డానీ ఫార్కర్ తన వంతు ముగించుకుని డగౌట్‌కు వచ్చి కుప్పకూలాడు. మెదడులో రక్తనాళం చిట్లింది. అప్పటికి అతనికి 31 ఏళ్లు. చుట్టూ మనుషులున్నారు, వైద్య సిబ్బంది ఉన్నారు. వెంటనే ఆసుపత్రికి చేర్చారు. మే 7న ఇంటికి వెళ్లాడు. జూన్ 1న అదే మైదానంలో, తన చేత్తో లాంఛనంగా తొలి బంతి విసిరాడు. స్టేడియం లేచి నిలబడింది.

మళ్లీ ఆడాలని గట్టిగానే ప్రయత్నించాడు. మేజర్ లీగ్ మ్యాచ్ మాత్రం మళ్లీ ఆడలేదు. 2019లో రిటైరయ్యాడు. తర్వాత వైట్ సాక్స్ వ్యవస్థలోనే పిచింగ్ కోచ్‌గా చేరాడు. క్యాచర్‌గా కుదరక జాన్సెన్ పిచర్ అయినట్టే, పిచర్‌గా కుదరక ఇతను కోచ్ అయ్యాడు. దీన్ని ఓటమి అంటామా?

ఒంట్లో బాగోలేదనగానే మనకు రెండే ముగింపులు తోస్తాయి. ‘అయిపోయింది, ఇక కెరియర్ లేదు’ అన్నది ఒకటి. ‘ఏం కాలేదు, సోమవారం నుంచి మామూలే’ అన్నది రెండోది. జాన్సెన్ గుండె 2011, 2012, 2018, 2022లలో లయ తప్పింది. ప్రతిసారీ ఆగాడు, చూపించుకున్నాడు, తిరిగొచ్చాడు. ఈ మధ్యదారి గురించి మనకు ఎవరూ చెప్పరు.

కాబట్టి ఈసారి గ్రూప్‌లో అలాంటి మెసేజ్ వస్తే రెండో ప్రశ్న వేయండి, తప్పులేదు. పని ఆగకూడదు కదా. కానీ దాన్ని ఆసుపత్రిలో ఉన్న మనిషిని అడగొద్దు. ‘ఆ పని నేను చూసుకుంటా, నువ్వు రెస్ట్ తీసుకో’ అని అతనికి విడిగా ఒక మెసేజ్ పెట్టండి. రేపు ఆ మంచం మీద మీరుంటే, చదవాలనుకునేది ఆ ఒక్క వాక్యమే.