నేలమీది గుడ్డుకు కొత్త శత్రువులు

ఎండాకాలంలో ఎండిన చెరువులో నడుస్తుంటే తీతువు పిట్ట నెత్తిమీద తిరుగుతూ గోల చేయడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ అరుపు అపశకునమని పెద్దలంటారు. నిజానికి భయపడుతున్నది ఆ పిట్టే. దగ్గర్లో దాని గుడ్లుంటాయి. గూడంటూ ఏమీ ఉండదు. నేలలో చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్లు, అంతే. మట్టిరంగు మీద నల్లటి మచ్చలున్న ఆ గుడ్లు అడుగు దూరంలో ఉన్నా మన కంటికి ఆనవు.

ఈ రంగు కంటితో వెతికే కాకిని మోసగించగలదు. వాసన పట్టి వచ్చే కుక్క దగ్గర, చీకట్లో పొంచి తిరిగే పిల్లి దగ్గర అంతగా పనిచేయదు. నక్క, ముంగిస, ఉడుము కూడా గుడ్లు తింటాయి కదా అని మీరడగవచ్చు. తింటాయి. కానీ అవి దొరికినదాని మీద బతికేవి. ఆహారం తగ్గితే వాటి సంఖ్యా తగ్గుతుంది. ఊరకుక్కకు, పిల్లికి ఆ బాధ లేదు. మనం పెట్టే అన్నం, పారేసే ఎంగిలి, ఊరి బయట పడేసిన పశువుల కళేబరాలు వాటిని పోషిస్తాయి. పిట్టలు తగ్గినా అవి తగ్గవు. పైగా కడుపు నిండినా పిల్లి వేట మానదు. పాలు తాగి వెళ్లి పిట్టను నోట కరుచుకొచ్చే పిల్లిని చూడనివారెవరు?

తీతువు సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది, పోతే మళ్లీ పెట్టగలదు. బట్టమేక పిట్టకు అంత వెసులుబాటు లేదు. సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు. సుమారు నాలుగు వారాలు తల్లి ఒక్కతే పొదుగుతుంది. అది మేతకు లేచిన కాసేపట్లో కుక్క వస్తే ఆ ఏడాది కష్టమంతా పోయినట్టే. ఈ పక్షి కోసమే 1988లో అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో అభయారణ్యం ఏర్పాటు చేశారు. నేడు దేశం మొత్తం మీద మిగిలినవి సుమారు 150 మాత్రమే; వాటిలో ఎక్కువభాగం రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతంలోనే ఉన్నాయి. పెద్ద పక్షులు కరెంటు తీగలకు తగిలి చనిపోతున్నాయి, అది మరో పాఠానికి సరిపడే విషయం.

జైసల్మేర్ దగ్గరి ఎడారి జాతీయ పార్కులో కొంత గడ్డినేల చుట్టూ కుక్కలు, నక్కలు దూరలేని కంచె వేశారు. సమ్ గ్రామం వద్ద 2019 నుంచి, మైదానంలో సేకరించిన గుడ్లను యంత్రాల్లో పొదిగిస్తున్నారు. కోళ్లఫారాల్లో వాడే పద్ధతి లాంటిదే. కానీ మనుషుల చేతిమీద పెరిగిన ఆ పిల్లల పక్కన, కుక్కను చూసి నక్కడం నేర్పే తల్లి ఉండదు. వాటిని మళ్లీ మైదానంలోకి వదలడంలో ఉన్న కష్టాల్లో ఇదొకటి.