మీకు తెలుసా? ఉంగరాల జుట్టుకూ బోరు నీళ్లకూ పడదు

బెంగళూరు వచ్చాక ఉంగరాల జుట్టు పీచులా తయారైందని బాధపడేవాళ్లు షాంపూ మార్చేముందు బకెట్ అడుగు చూడండి. తెల్లటి పొర కట్టిందా? అది బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. వెంట్రుకల మీదా అదే పేరుకుంటుంది. 2024 అక్టోబరులో నగరానికి కావేరి ఐదో దశ నీటి సరఫరా మొదలైంది, రోజుకు 77.5 కోట్ల లీటర్ల సామర్థ్యంతో. అయినా చాలా అపార్ట్‌మెంట్లకు బోర్లు, ట్యాంకర్లే దిక్కు.

ఉంగరాల జుట్టుకు ఈ దెబ్బ ఎక్కువ. మాడు మీద ఊరే నూనె తిన్నని వెంట్రుక మీద జారినట్టు మెలికల మీద జారదు, కొసలు ఎండిపోతాయి. పొడి జుట్టును దయచేసి దువ్వెనతో లాగకండి. కండిషనర్ రాసి, తడిమీదే వేళ్లతో చిక్కు తీయండి. చివరి రెండు మగ్గులు ఆర్‌ఓ నీళ్లయితే మరీ మంచిది.

రింగులు నిలవడానికి అవిసె గింజల జెల్ చాలు. పావు కప్పు గింజల్ని రెండు కప్పుల నీళ్లలో మరిగించి, గరిటె ఎత్తితే తీగ సాగగానే పల్చటి గుడ్డలో వడకట్టాలి. చల్లారిందా, జిగురు గుడ్డ దాటి దిగదు! అమ్మమ్మలు కుంకుడు రసంలో మందారాకు పిసికిందీ ఇలాంటి జిగురు కోసమే.