బీటెక్ అయ్యాక బొమ్మల కాలేజీకి వెళ్లొచ్చా?

అమలాపురంలోనో, రాజోలులోనో ఇంట్లో కూర్చుని కోడింగ్ చేస్తూ, నోట్‌బుక్ చివరి పేజీల్లో బొమ్మలు గీసుకునే బ్యాచ్ మనది. ‘ఉద్యోగం మానేసి ఆర్ట్ కాలేజీ ఏంట్రా?’ అని ఇంట్లో అంటే అడివి బాపిరాజు గారి సంగతి చెప్పండి. ‘నారాయణరావు’ నవలలో హీరోకి మన కొత్తపేటని సొంతూరు చేసింది ఈయనే. బీఏ చదివారు, స్వాతంత్య్రోద్యమంలో జైలుకెళ్లారు, లా కూడా చేశారు. చిత్రకళ నేర్చుకున్నది మాత్రం బందరులో ప్రమోద్‌కుమార్ చటర్జీ దగ్గర. తర్వాత అక్కడి జాతీయ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు.

ఇప్పుడు మనకి దారులు రెండు.

పెయింటింగే కావాలంటే బీఎఫ్‌ఏ. హైదరాబాద్‌ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది. ఇంటర్ అర్హత మీద చేరే కోర్సు కాబట్టి మళ్లీ నాలుగేళ్లు చదవాలి.

డిజైన్ అయినా పర్లేదంటే ఎం.డెస్. రెండేళ్లే. ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్షకి మూడేళ్ల డిగ్రీ ఏదైనా సరిపోతుంది. బీటెక్ వృథా కాదు. వయసు పరిమితి లేదు, ఎన్నిసార్లైనా రాయొచ్చు. ఒక భాగం కంప్యూటర్ మీద రాయాలి, ఇంకో భాగంలో కాగితం మీద చేత్తో గీయాలి.

పోర్ట్‌ఫోలియోలో ఫోన్‌లో చూసి దించిన హీరోల బొమ్మలు పెద్దగా పనికిరావు. రేవులో పంటు ఎక్కే బైకులు, కొబ్బరి దింపు, సంతలో చేపలమ్మే చేతులు గీయండి. మీ చూపేంటో వాటిలోనే తెలుస్తుంది.

ఫీజులు, ఈఎంఐలు, జీతం లేని నెలలు ముందే లెక్కేసుకోండి. రిజైన్ మాత్రం సీటు చేతికొచ్చాకే!