వెలిగితే చాలదు, కనపడాలి

"నాకు కనపడలేదండీ!" మోటార్‌సైకిల్‌ని గుద్దిన కారు డ్రైవరు సాధారణంగా చెప్పే మొదటి మాట ఇది. తప్పించుకోడానికి అబద్ధమాడుతున్నాడు అనుకుంటాం. కానీ చాలాసార్లు అతను చెప్పేది నిజమే. అటువైపు చూశాడు. అయినా కనపడలేదు. చూడడానికీ కనపడడానికీ మధ్య ఉన్న ఈ తేడాని తగ్గించడానికి ఒక చిన్న పరికరం ఉంది. పేరు హెడ్‌లైట్ మాడ్యులేటర్. పగటిపూట బైకు హెడ్‌లైటు వెలుగుని సెకనుకి నాలుగు సార్లు పెంచి తగ్గిస్తుంది. అంతే దాని పని. అమెరికాలో ఇది పూర్తిగా చట్టబద్ధం.

కాలేజీ రోజుల్లో హీరో హోండా మీద తిరిగి, ఇక్కడికొచ్చి స్థిరపడి, ఇంటి లోను కాస్త తగ్గాక పెద్ద బైకు కొనుక్కునే మనవాళ్ళు చాలామందే ఉన్నారు. నేనూ ఆ బాపతే. కాబట్టి ఇది మనకి సంబంధించిన విషయమే.

పెన్సిల్ మందం బైకు

1981లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం ఒక నివేదిక ప్రచురించింది. లాస్ ఏంజిలస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలని జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించారు. బైకూ మరో వాహనమూ గుద్దుకున్న ప్రమాదాల్లో మూడింట రెండు వంతులు, బైకుకి ఇవ్వవలసిన దారి ఆ రెండో వాహనం ఇవ్వకపోవడం వల్ల జరిగినవే. నలభై ఏళ్ళు గడిచినా పరిస్థితి పెద్దగా మారలేదు. 2021లో అమెరికాలో బైకూ మరో వాహనమూ ఢీకొని ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో 43 శాతం, ఆ రెండో వాహనం లెఫ్ట్ టర్న్ తీసుకుంటుండగా జరిగాయి.

ఎందుకిలా? చిన్న లెక్క వేద్దాం. మీరు లెఫ్ట్ టర్న్ కోసం ఆగి ఉన్నారు. ఎదురుగా 200 అడుగుల దూరంలో గంటకి 35 మైళ్ళ వేగంతో ఒక బైకు వస్తోంది. అది మీ దగ్గరికి చేరడానికి నాలుగు సెకన్లు కూడా పట్టదు. దాని వెడల్పు రెండున్నర అడుగులు అనుకుందాం. అంత దూరం నుంచి అది, చెయ్యి చాచి నిలువుగా పట్టుకున్న పెన్సిల్ మందాన కనిపిస్తుంది. మీ కారు అద్దం పక్కనుండే స్తంభం దాన్ని పూర్తిగా కప్పెయ్యగలదు. అదే కారైతే రెండున్నర పెన్సిళ్ళ మందం ఉంటుంది.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. ఎదురుగా వచ్చే వస్తువు వేగాన్ని మనం అది ఎంత త్వరగా పెద్దదవుతోంది అన్నదాన్నిబట్టి అంచనా వేస్తాం. పై లెక్కలో బైకు సెకనుకి డిగ్రీలో ఐదో వంతు కూడా పెరగదు. కారు దానికి రెట్టింపు కంటే ఎక్కువ పెరుగుతుంది. అందుకే చిన్న వస్తువు ఇంకా దూరంగా ఉందనీ, నెమ్మదిగా వస్తోందనీ మెదడు పొరపడుతుంది. పైగా బైకు తిన్నగా మనవైపే వస్తుంటే వెనకనున్న దృశ్యం మీద అది పక్కకి కదలదు. కదలనిదాన్ని మెదడు పట్టించుకోదు.

అందరూ లైటు వేసుకుంటే?

దీనికి మొదటి మందు పగలు కూడా లైటు వెయ్యడం. కాలిఫోర్నియాలో 1978 నుంచి వచ్చిన బైకులకి ఇంజను స్టార్ట్ చెయ్యగానే హెడ్‌లైటు వెలగాలి. మలేషియాలో 1992లో పగటి లైటు తప్పనిసరి చేశారు. ఆ తరవాత సెరెంబన్, షా ఆలం ప్రాంతాల్లో, కనపడకపోవడంతో ముడిపడిన బైకు ప్రమాదాలు సుమారు 29 శాతం తగ్గాయని 1996లో ప్రచురించిన ఒక అధ్యయనం తేల్చింది. ఇండియాలో 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకి ఇదే నిబంధన వచ్చింది. పగలు లైటు వెలుగుతుంటే ఎదురొచ్చేవాళ్ళు వేళ్ళు మూసి తెరిచి "లైటు, లైటు" అని సైగ చెయ్యడం మీకు గుర్తుండే ఉంటుంది.

అయితే ఈ మందు పదును తగ్గుతోంది. యూరప్‌లో 2011 నుంచి కొత్త రకం కార్లకి కూడా పగటి దీపాలు తప్పనిసరి. అమెరికాలోనూ చాలా కార్లు అలాగే వస్తున్నాయి. అన్ని లైట్లూ వెలుగుతుంటే బైకు లైటు వాటిలో ఒకటైపోతుంది. మానిటరింగ్ స్క్రీన్ మీద ప్రతి లైనూ ఎర్రగా ఉంటే ఏ సర్వరు పడిపోయిందో ఎవరికి తెలుస్తుంది? మళ్ళీ తేడా కావాలంటే వెలుగు మారాలి. కంటి అంచు చూపు స్థిరమైన వెలుగు కంటే మారే వెలుగుని సులువుగా పసిగడుతుంది. మాడ్యులేటర్ ఉపయోగించుకునేది ఈ గుణాన్నే.

ముచ్చటైన స్పెసిఫికేషన్

అమెరికా ఫెడరల్ మోటారు వాహన భద్రతా ప్రమాణం 108లో దీని గురించి రాసిన భాగం చదివితే, మంచి డిజైన్ డాక్యుమెంటు చదివినట్టు ఉంటుంది. నిమిషానికి 240 సార్లు, అటూ ఇటూ 40 తేడాతో, వెలుగు మారాలి. ప్రతి ఆవృత్తిలో 50 నుంచి 70 శాతం సమయం పూర్తి వెలుగు ఉండాలి. తగ్గినప్పుడు కూడా గరిష్ఠ వెలుగులో 17 శాతానికి దిగకూడదు. అంటే ఇది ఆరిపోయి వెలిగే దీపం కాదు, వెలుగు పెరిగి తగ్గే దీపం. హై బీమ్, లో బీమ్‌లలో ఏదో ఒకదాన్నే మార్చాలి. చీకటి పడగానే మార్చడం మానెయ్యడానికి పైకి చూసే సెన్సరు ఉండాలి. అన్నిటికంటే నాకు నచ్చిన నియమం ఇది: మాడ్యులేటర్ చెడిపోయినా హెడ్‌లైటు మాత్రం మామూలుగా పనిచెయ్యాలి.

ఇది ఫెడరల్ ప్రమాణం కాబట్టి రాష్ట్రాలు దీన్ని నిషేధించలేవు. అయినా ఈ సంగతి ప్రతి పోలీసుకీ తెలియాలని లేదు. ఆ భాగాన్ని ప్రింటు తీసి సీటు కింద పెట్టుకోవడం మంచిది. నా బైకులో ఉంది. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు మాత్రం ఇది కొనకండి. అక్కడి 1989 దీపాల నిబంధనల ప్రకారం దానంతటది మెరిసే హెడ్‌లైటు మామూలు వాహనానికి కుదరదు.

ఒకే సంకేతం, రెండు అర్థాలు

మన ఊళ్ళో ఎదురొచ్చే లారీ లైటు కొట్టిందంటే "నేను వస్తున్నాను, నువ్వాగు" అని అర్థం. అమెరికాలో లెఫ్ట్ టర్న్ కోసం ఆగినవాడికి ఎదుటి కారు లైటు కొడితే, చాలాసార్లు "నేనాగుతున్నాను, నువ్వెళ్ళు" అని అర్థం. ప్యాకెట్టు ఒకటే, ప్రోటోకాల్స్ రెండు. బ్రిటన్ హైవే కోడ్ ఈ గొడవ లేకుండా, నేనిక్కడ ఉన్నానని చెప్పడానికే లైటు కొట్టాలి అంటుంది.

అందుకే కూడలి దగ్గర చేత్తో లైటు కొట్టడం ప్రమాదం. మీరు "జాగ్రత్త" అంటారు, అవతలివాడికి "దయచెయ్యండి" అని వినపడుతుంది. మాడ్యులేటర్ ఆగకుండా ఒకే లయలో కొట్టుకుంటుంది కాబట్టి, పిలుపులా కనపడే అవకాశం తక్కువ. తక్కువే గానీ, బొత్తిగా లేకపోలేదు. పైగా అది మీ ఉనికిని చెబుతుంది, వేగాన్ని చెప్పదు. వేగం తెలియాలంటే ఎడంగా ఉన్న దీపాలు కావాలి. లండన్ విశ్వవిద్యాలయపు రాయల్ హాలోవే పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్క దీపానికి బదులు త్రికోణంగా మూడు దీపాలు పెడితే చీకట్లో బైకు వేగాన్ని చూసేవాళ్ళు మెరుగ్గా అంచనా వేశారు.

నా సలహా అడిగితే, బైకు నడిపేవాళ్ళు మాడ్యులేటర్‌తోపాటు హెడ్‌లైటుకి కింద రెండు పక్కలా చిన్న దీపాలు కూడా పెట్టుకోండి. కొత్త బైకులకీ ఎల్.ఇ.డి. హెడ్‌లైట్లకీ దానికి సరిపడే మాడ్యులేటర్ దొరుకుతుందో లేదో కొనే ముందే కనుక్కోండి. ఇవన్నీ ఉన్నా, కూడలి వస్తుంటే అవతలివాడు మిమ్మల్ని చూడలేదనే అనుకుని వేగం తగ్గించండి.

ఇది చదివేవాళ్ళలో బైకు లేనివాళ్ళే ఎక్కువమంది ఉంటారు. మీకో మాట. లెఫ్ట్ తిరిగే ముందు ఒకసారి కాదు, రెండుసార్లు చూడండి. ఎదురుగా ఒంటి దీపం కొట్టుకుంటూ కనపడితే అది మిమ్మల్ని వెళ్ళమనడం లేదు. అది మిమ్మల్ని దాటి వెళ్ళేదాకా ఆగండి. ఆ నాలుగు సెకన్లలో ఏ మీటింగూ ఆలస్యం కాదు.